ఫైబరు ఫోను పెట్టించుకునే ముందు ఒక పాత ట్రంక్ ఆపరేటరు మాట వినండి

కొత్త కనెక్షన్ అమ్మడానికి వచ్చిన కుర్రాడిని నెలకు ఎంత, స్పీడు ఎంత, టీవీ చానళ్లు ఎన్ని అని అందరూ అడుగుతారు. కరెంటు పోతే ఈ ఫోను మోగుతుందా అని అడిగినవారిని మా విజయనగరం అయ్యకోనేరు చుట్టుపక్కల ఇళ్లలో నేను ఇంతవరకు చూడలేదు. పాత ఫోనుకు ఆ అనుమానమే రాలేదు కనుక కొత్తదానికీ అక్కర్లేదని అనుకుంటారు. మొదట అడగవలసిన ప్రశ్న అదే.

నేను విజయనగరంలో ట్రంక్ బోర్డు ముందు, అంటే ఊరి నుంచి ఊరికి కాల్స్ చేత్తో కలిపే బల్ల ముందు, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నదాన్ని. 180కి చేసి పార్వతీపురానికి ఆర్డినరీ, బొబ్బిలికి అర్జెంటు, ప్రాణం మీదికి వస్తే లైట్నింగ్ కాల్ బుక్ చేసుకున్న తరం మనుషులు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లూ వాళ్ల పిల్లలూ ఇప్పుడు ఫైబరుకు మారుతూ, "పిన్నిగారూ, ఒకసారి వచ్చి చూడండి" అని పిలుస్తుంటారు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్పిందే చెప్పవలసి వస్తోంది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

రెండు ఫోన్లకూ తిండి ఎక్కడి నుంచి

పాత ల్యాండ్‌లైనులో మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజి దాకా ఒక జత రాగి తీగలు ఉంటాయి. ఇంటి గోడకు ఫోను తీగ కలిసే రోజెట్ బాక్సు, స్తంభం మీద ఇళ్లకు తీగలు పంచే డీపీ బాక్సు, రోడ్డు పక్క పిల్లరు అనే పెద్ద పెట్టె, అక్కడి నుంచి భూమిలోని కేబులు, చివరికి ఎక్స్ఛేంజి. ఆ జత మీదనే ఎక్స్ఛేంజి 48 వోల్టుల డీసీ కరెంటు పంపుతుంది. గంట మోగించడానికి 75 వోల్టుల ఏసీ పంపుతుంది. గంట మోగేటప్పుడు వట్టి తీగ పట్టుకుంటే ఒళ్లు జల్లుమనేది దానివల్లే. అంటే మాట వెళ్లే తీగ మీదే ఫోనుకు తిండి కూడా వస్తుంది. ఎక్స్ఛేంజిలో గది నిండా బ్యాటరీలు, వెనుక డీజిల్ జనరేటరు ఉంటాయి. ఊరంతా చీకటిగా ఉన్నా మీ ఫోను పలికిందంటే కారణం అది.

ఫైబరు గాజు పోగు. దానిలో వెలుగు వెళుతుంది, కరెంటు వెళ్లదు. ఇంటి దాకా వచ్చిన వెలుగును మాటగా మార్చే పెట్టె ఒకటి గోడకు బిగిస్తారు. కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు, ఇళ్లలో మోడెమ్ అంటారు. నేనూ మోడెమ్ అనే రాస్తాను. అది మీ ఇంటి కరెంటుతో నడుస్తుంది. డయల్ టోన్ పుట్టించేది, గంట మోగించేది, మీ మాటను అంకెలుగా కోసి పంపేది అన్నీ అదే. ఇంతకాలం ఎక్స్ఛేంజిలో మా వాళ్లు చూసుకున్న పని ఇప్పుడు మీ టీవీ వెనుక ప్లగ్గు మీద ఆధారపడింది. ఆ ప్లగ్గు సంగతి చూసుకోగలిగితే నిశ్చింతగా మారండి, మాట పాతదానికన్నా శుభ్రంగా వినిపిస్తుంది. చూసుకోలేని ఇల్లయితే, అంటే ఇన్వర్టరు లేక, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండి, రాగి లైను ఇంకా చక్కగా పలుకుతుంటే, తొందరపడకండి. అయితే రాగి లైనును ఎల్లకాలం నమ్ముకోవచ్చని చెప్పను. కాలువ తవ్వకంలో కేబులు తెగితే మునుపటిలా జాయింటు వేసే మనుషులు తగ్గిపోయారు, కంపెనీలు కూడా కస్టమర్లను ఫైబరుకే జరుపుతున్నాయి.

ఇంటర్‌నెట్ ఫోను అనే ఒక్క పేరుతో మూడు వేరు వేరు వస్తువులు తిరుగుతున్నాయి. మోడెమ్ వెనుక ఫోను జాక్‌కు మామూలు ఫోను తగిలిస్తే అది ఫైబరు ల్యాండ్‌లైను. దానికి 08922తోనో, శ్రీకాకుళం అయితే 08942తోనో మొదలయ్యే నంబరు ఉంటుంది. మీ సెల్ నంబరే టవరుకు బదులు ఇంటి వైఫై మీద పలికితే అది వైఫై కాలింగ్, ఫోను సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. వాట్సాప్ లాంటి యాప్ కాల్ మూడవది. దాని నుంచి 112కు గాని 108కి గాని కాల్ వెళ్లదు. యాప్ ఉంది కదా, ఇంటి ఫోను ఎందుకు అనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

దరఖాస్తు మీద సంతకం పెట్టకముందు

నంబరు ముఖ్యమనుకుంటే కంపెనీ మారకండి. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి నంబరు పట్టుకెళ్లే సదుపాయం మన దేశంలో సెల్ ఫోన్లకే ఉంది, ల్యాండ్‌లైనుకు లేదు. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబరుకు మారితే పాత నంబరు ఉంచుకునే వీలుంటుంది. బీఎస్ఎన్ఎల్‌లో అలా మార్చుకున్నవారు మా వీధిలోనే ఉన్నారు. కాని దరఖాస్తులోనే పాత నంబరు రాయించాలి. కొత్త నంబరు వచ్చాక పాతది కావాలంటే తిరిగే తిరుగుడు వేరే.

లైను తెచ్చేవారిని మీ ఓఎల్‌టీ ఎక్కడ ఉంది, దానికి ఎన్ని గంటల బ్యాకప్ ఉంది అని అడగండి. ఊరి వైపు నుంచి అన్ని ఇళ్లకూ వెలుగు పంపే యంత్రం అది. ఎక్స్ఛేంజి భవనంలో ఉంటే దానికి బ్యాటరీలు ఉంటాయి. ఒక్కోచోట లోకల్ ఆపరేటరు దుకాణం అటక మీద ఉంటుంది, అక్కడ కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టరు ఉండి కూడా లాభం లేదు. మధ్యలో స్తంభాల మీద ఉండి ఒక పోగు వెలుగును చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అవసరం లేదు, అది వట్టి గాజు. ఈ ప్రశ్న అడిగితే అవతలివాళ్లు ముందు తెల్లమొహం వేస్తారు, తరువాత మర్యాదగా మాట్లాడతారు. రెండూ నాకు నచ్చుతాయి.

ఫైబరు మీ వీధిలోకి ఎలా వస్తుందో కూడా కళ్లతో చూడండి. ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. స్తంభం పడితే రెండూ ఒకేసారి పోతాయి.

స్పీడు గురించి బెంగ వద్దు. ఒక ఫోను సంభాషణకు ఒక్కో వైపు 100 కేబీపీఎస్ కూడా పట్టదు. ఫోను కోసమే అయితే అన్నిటికన్నా చిన్న ప్లాన్ తీసుకోండి. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుందని మాత్రం లెక్కలో పెట్టుకోండి.

ప్లగ్గు సంగతి

మోడెమ్ అడాప్టరు వెనుక చిన్న అక్షరాలు చదవండి. సాధారణంగా 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంపియర్లు అని ఉంటుంది. అది గరిష్ఠం, మామూలుగా ఆ పెట్టె 10 వాట్ల చుట్టుపక్కలే వాడుతుంది. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటి 70, 75 వాట్లు తింటుంది. కాబట్టి ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఈ పెట్టె దానికి భారమే కాదు.

చిక్కు వేరేచోట ఉంది. మన ఇళ్లలో ఇన్వర్టరు లైను ఫ్యాన్లకూ లైట్లకూ ఇస్తారు, టీవీ దగ్గర ప్లగ్గుకు ఇవ్వరు. మోడెమ్ పెట్టడానికి వచ్చినవాళ్లు తమకు వీలైన ప్లగ్గులో గుచ్చి వెళ్లిపోతారు. వాళ్లు రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఏ గోడకు మోడెమ్ పెడతారో ఆ గోడకు ఇన్వర్టరు లైను లాగించండి. తరువాత మెయిన్ ఆపి, మోడెమ్ లైట్లు వెలుగుతున్నాయో లేదో మీరే చూడండి. ఆపిన క్షణంలో మోడెమ్ ఆరి మళ్లీ మొదలైతే, ఇన్వర్టరు వెనుక ఉన్న చిన్న స్విచ్‌ను యూపీఎస్ వైపుకు తిప్పండి. నార్మల్ వైపు ఉంటే మారడానికి రెప్పపాటు ఎక్కువ తీసుకుంటుంది. ఫ్యాను దాన్ని గుర్తించదు గాని మోడెమ్ మొదటి నుంచి లేస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలు ఫోను ఉండదు, మాట్లాడుతున్న కాల్ తెగిపోతుంది.

ఇన్వర్టరు లేనివారు రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ కొనుక్కోవచ్చు. దాని డబ్బా మీద 8000 ఎంఏహెచ్ అని పెద్ద అంకె వేస్తారు. అది లోపలి 3.7 వోల్టుల సెల్ దగ్గర లెక్క. 8000 ఎంఏహెచ్ అంటే 8 ఏహెచ్, దాన్ని 3.7తో గుణిస్తే వచ్చేది సుమారు 30 వాట్ అవర్లు, అంటే 30 వాట్ల వస్తువు ఒక గంట నడిచేంత. పది వాట్ల మోడెమ్‌ను మూడు గంటలు కూడా లాగదు. రోజువారీ కోతకు సరిపోతుంది, గాలివాన రాత్రికి సరిపోదు. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉన్న రకమైతే 84 వాట్ అవర్లు. కాగితం మీద ఎనిమిది గంటలు, చేతికి వచ్చేది ఐదారు గంటలు. ఏది కొన్నా వోల్టేజి, పిన్ను సైజు, పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నవి మోడెమ్ అడాప్టరుతో సరిపోవాలి. అడాప్టరును జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లడం మంచిది.

కార్డ్‌లెస్ ఫోను వాడేవారు దాని స్టాండుకు కూడా కరెంటు కావాలని గుర్తుంచుకోవాలి. తీగ ఉన్న మామూలు ఫోను ఒకటి అల్మారాలో దాచుకోండి.

పాత తీగలను కొత్త మోడెముకు కలపడం

హాల్లో ఒక ఫోను, పై అంతస్తులో ఒకటి, దుకాణంలో ఒకటి అని ఎప్పుడో వైరింగు చేయించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ వైరింగు పారేయనక్కర్లేదు. ముందు రోజెట్ బాక్సు మూత తీసి, బయటి స్తంభం నుంచి వచ్చే జతను పూర్తిగా విప్పి, కొసలకు టేపు చుట్టేయాలి. ఈ పని చేయకుండా మోడెమ్ ఫోను జాక్‌ను ఇంటి వైరింగుకు కలపకూడదు. బయటి జత మీద ఎక్స్ఛేంజి 48 వోల్టులు ఇంకా ఉంటే ఎదురొచ్చి మోడెమ్‌లోని ఫోను భాగం కాలిపోవచ్చు. విప్పాక మోడెమ్ ఫోను జాక్ నుంచి మామూలు ఫోను తీగతో రోజెట్‌కు కలిపితే ఇంట్లోని పాత పాయింట్లన్నీ పలుకుతాయి. జాక్ పక్కన ఫోను బొమ్మ ఉంటుంది. దాని పక్కనే ఉండే వెడల్పాటి నెట్‌వర్కు జాక్‌లో ఫోను తీగ గుచ్చితే లోపలి పిన్నులు వంగుతాయి.

మోడెమ్‌కు గంట మోగించే బలం తక్కువ. రెండు మూడు కొత్త ఫోన్లు సరే, పాత ఇనుప గంటల ఫోన్లు మూడు పెడితే ఒక్కటీ సరిగా మోగదు. అంకెల చక్రం తిప్పే పాత నల్ల ఫోనును ముద్దుగా దాచుకున్నవారికి ఇంకో కబురు: చాలా మోడెములు ఆ చక్రపు అంకెలను గుర్తించవు. కాల్ వస్తుంది, మాట్లాడవచ్చు, ఇటు నుంచి డయల్ చేయలేరు. ఫ్యాక్స్ యంత్రం, దొంగల అలారం, లిఫ్టులో ఫోను ఉన్నవారు ముందే పరీక్ష చేయించుకోవాలి. ఫ్యాక్స్ ఒకసారి వెళుతుంది, ఒకసారి వెళ్లదు.

ఫైబరు తీగ మీద బల్ల కాలు, తలుపు రెక్క పడకుండా చూడండి. మూలలో మడత పెట్టి మేకు కొట్టనివ్వకండి, వేళ్ల మధ్య పట్టే గుండ్రటి వంపు ఉండాలి. గాజు విరగకపోయినా వంపు దగ్గర వెలుగు కారిపోతుంది.

వచ్చినవాళ్లు వెళ్లకముందే

వాళ్లు సెల్ ఫోను నుంచి మీ నంబరుకు ఒకసారి చేసి, మోగింది కదమ్మా అని సంతకం అడుగుతారు. పెట్టకండి. మీరు ఇంటి ఫోను నుంచి చేసి చూడండి. సెల్ నంబరుకు ముందు సున్నా కలపాలి, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లకు ఆ నియమం ఉంది. ఊళ్లోని ల్యాండ్‌లైనుకు చేయండి, కలవకపోతే ముందు 08922 కలిపి చేయండి. ఫైబరు ఫోన్లలో కొన్ని సొంత ఊరికి కూడా కోడ్ అడుగుతాయి. ఫిర్యాదుల నంబరు 198కి చేయండి. అది కలిస్తే చిన్న నంబర్లు వెళుతున్నట్టు కొంత ధైర్యం. 108ని పరీక్ష కోసం మాత్రం వాడకండి, అవతల ఎవరి ప్రాణమో ఆ లైను కోసం కాచుకుని ఉంటుంది.

టోన్ వచ్చింది కనుక లైను బాగుందని అనుకోకూడదు. పాత ఫోనులో టోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చేది, వస్తే అక్కడిదాకా తీగ బతికి ఉన్నట్టే. ఇప్పుడు మోడెమ్ తనే పుట్టిస్తుంది. నంబరు చేస్తేనే నిజం తెలుస్తుంది.

చెవితో పట్టుకోవడం

ఇది నా సొంత రాజ్యం కనుక కొంచెం తీరిగ్గా రాస్తాను. మూడేసి నిమిషాల లెక్కన కాల్స్ కలుపుతూ ఎన్ని రకాల లైన్లు విన్నానో చెప్పలేను. లైను జబ్బు మీటరు కన్నా ముందు చెవికి తెలుస్తుంది.

వాన పడగానే చిటపటలు మొదలైతే రాగి జాయింటులో తడి చేరింది. నూనెలో ఆవాలు వేసినట్టు ఉంటుంది. ఫైబరులో ఈ శబ్దం బయటి నుంచి రానే రాదు. వినిపించిందంటే తప్పు మీ ఇంటి లోపలి పాత వైరింగులోనో రిసీవరు స్ప్రింగు తీగలోనో ఉంది. ఫోనును నేరుగా మోడెముకు తగిలించి వినండి. శబ్దం పోతే కంపెనీని తిట్టనక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎడతెగని జుమ్మన్న రొద కూడా అంతే, రాగి జతలో ఒక తీగ ఎక్కడో నేలకు తగులుతోంది. పక్కింటివారి మాటలు సన్నగా వినిపించడం పాత కేబులు జబ్బు, ఫైబరుతో అది తీరిపోతుంది. కొందరికి కాలక్షేపం కూడా పోతుంది.

కొత్త ఫోనులో జబ్బులు వేరు. మాటను 20 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోసి పంపడం ఎక్కువ పద్ధతి. కొన్ని ముక్కలు దారిలో పోతే అక్షరాలు మింగినట్టు, గొంతు తగరపు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఫైబరు ల్యాండ్‌లైనులో ఇలా ఉంటే మోడెముకు తగిలించిన గాజు కొనలో దుమ్ము, లేదా ఎక్కడో వంపు. మీరు విప్పి తుడవకండి, లోపలి వెలుగు కంటికి కనిపించదు, కంటికి మంచిదీ కాదు. వచ్చినవారిని ఆప్టికల్ పవర్ ఎంత ఉందో చూసి చెప్పమనండి. వెలుగు బలాన్ని డీబీఎంలో కొలుస్తారు, మైనస్ 27 దాటి కిందికి పడితే లైను బలహీనంగా ఉన్నట్టు. అదే శబ్దం వైఫై కాల్‌లోనో వాట్సాప్‌లోనో వస్తే కారణం తరచుగా వైఫై, లేదా పక్క గదిలో పిల్లలు పెద్ద వీడియో ఎక్కిస్తూ ఉండటం. ల్యాండ్‌లైను మాటకు కంపెనీలు మామూలుగా వేరే దారి ఇస్తాయి కనుక ఇంట్లోవారి సినిమాల వల్ల దానికి దెబ్బ తగలదు.

మీరు అవతలివారిని వింటున్నారు, వారికి మీరు వినిపించరు. లేదా తిరగేసి. దీన్ని వన్ వే అంటారు, ఫిర్యాదులో ఆ మాటే చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ముందు మోడెమ్ ఆపి, నిమిషం ఆగి, మళ్లీ వేసి చూడండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతున్నారంటే ఆలస్యం. ఒక వైపు 150 మిల్లీ సెకన్లు దాటితే మనిషికి తెలుస్తుందని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. అమెరికాలో కొడుకుతో యాప్‌లో మాట్లాడేవారికి ఇది అలవాటే, కాని నెల్లిమర్లకు చేసినప్పుడు కూడా ఇలాగే ఉంటే ఫిర్యాదు చేయండి.

ఇంకొకటి జబ్బు కాకపోయినా ముసలివాళ్లను కంగారు పెడుతుంది. రాగి లైనులో ఎవరూ మాట్లాడకపోయినా సన్నని హోరు ఉండేది, దాన్నిబట్టి అవతల మనిషి ఉన్నాడని తెలిసేది. కొత్త లైనులో నిశ్శబ్దం పూర్తిగా నిశ్శబ్దం. కాల్ తెగిందని మా పెద్దమ్మగారు మాట మధ్యలో పెట్టేస్తుంటారు. మీ వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఫోను మూగబోతే మోడెమ్ లైట్లు చూడండి. లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలిగితే మోడెముకు వెలుగు రావడం లేదు, చాలావరకు బయట ఫైబరు తెగి ఉంటుంది, అప్పుడు ఇంట్లో ఏమీ చేయలేరు. నెట్ వస్తూ ఫోను లైటు మాత్రమే ఆరి ఉంటే నంబరు రిజిస్టరు కాలేదు. అది కంపెనీ తమ చోటి నుంచే సరిచేస్తుంది, ఇంటికి మనిషి రావలసిన పని ఉండదు.

గాలివాన కాలం

అక్టోబరు వస్తే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు గుండెలో రాయి పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. సెప్టెంబరును కూడా నమ్మలేం, 2021లో గులాబ్ 26వ తేదీన కళింగపట్నం దగ్గర దాటింది. తిత్లీ తరువాత సోంపేటలో ఉన్న మా అక్క ఇంటికి ఏ ఫోనూ కలవలేదు. స్తంభాలు పడినప్పుడు రాగి అయినా గాజు అయినా ఒకటే. కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే ఇన్వర్టరు నిండా చార్జి ఉందో చూసుకోండి. ఇంటి ఫోను ఒక కంపెనీది అయితే సెల్ ఫోను ఇంకో కంపెనీది ఉండేలా చూడండి. కరెంటు ఆఫీసు 1912, 112, 108, బంధువుల నంబర్లు కాగితం మీద రాసి ఫోను పక్కన అంటించండి, సెల్ ఆరిపోతే అందులోని నంబర్లూ ఆరిపోతాయి. కరెంటు పోయాక వైఫైని అందరూ వాడుతుంటే బ్యాటరీ త్వరగా అయిపోదు, కాని ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తగ్గించండి. ఆ రాత్రికి గాలి ఎలాగూ కొదవ ఉండదు.

పిడుగుల వానలో ఫైబరు గాజు వెంట దెబ్బ రాదు, కరెంటు తీగ వెంట వస్తుంది. దగ్గరలో పిడుగులు పడుతుంటే మోడెమ్ అడాప్టరును గోడ నుంచి తీసేయండి, చిన్న యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ మీద నడవనివ్వండి.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి సెల్ ఫోను ప్రయత్నించినవారికి తెలుసు, లక్షల మంది చేరితే టవర్లు చేతులెత్తేస్తాయి. ఆ రోజు ఇంటి వైఫై మీద వైఫై కాలింగ్, ఫైబరు ల్యాండ్‌లైను రెండూ టవరుతో సంబంధం లేకుండా పలుకుతాయి. తప్పిపోయిన పిల్లవాడు చేయవలసిన నంబరుగా ఇంటి ల్యాండ్‌లైను నేర్పండి.

పాతదాన్ని వదిలించుకోవడం

పాత నంబరునే ఫైబరుకు మార్చుకోకుండా వేరే కనెక్షన్ తీసుకున్నవారు, కొత్త ఫోను వచ్చిన రోజే పాతది రద్దు చేయకండి. ఒక బిల్లు నెల రెండూ ఉంచండి, అందులో ఒక పెద్ద కోత అయినా రావాలి. ఈలోగా పాత నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో రాసుకోండి: బ్యాంకు, గ్యాస్, పెన్షను కాగితాలు, బీమా పాలసీ, దుకాణం బోర్డు, పెళ్లి సంబంధాల వాళ్లు. నంబరు మారుతుంటే ఆ నెల అంతా పాతదాని నుంచి కొత్తదానికి కాల్ ఫార్వర్డింగ్ పెట్టించుకోండి.

రద్దు దరఖాస్తు ఇచ్చేటప్పుడు మొదట కట్టిన డిపాజిట్ రసీదు వెతికి జత చేయండి. దొరకకపోతే పాత బిల్లు తీసుకెళ్లి, డిపాజిట్ ఎంత ఉందో వాళ్ల రికార్డులో చూసి రాయమనండి. పాత ఫోను సెట్టు వాళ్లదయితే తిరిగి ఇచ్చినట్టు కాగితం తీసుకోండి, దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ నకలు డిపాజిట్ డబ్బు మీ ఖాతాలో పడేదాకా దగ్గర ఉండాలి.